సున్నం, సున్నిపిండి

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగు నోటికీ చెవికీ మాత్రమే తెలిసిన భాష. కంటికి తెలియదు. మా వాళ్లు పుదుచ్చేరి వైపు ఎన్ని తరాల కిందట వచ్చారో మా అవ్వకు కూడా తెలియదు. విల్లియనూరు దగ్గర పొలం, పుదుచ్చేరిలోనే సారం అనే పేటలో ఇల్లు, బడిలో తమిళం, ఇంగ్లీషు. ఇంట్లో మేం మాట్లాడేదంతా తెలుగే అనుకునేవాళ్లం. అందులో సగం తమిళమని మాకు చెప్పినవాళ్లు లేరు. ఆ సంగతి తెలిసిన రోజు గురించి రాయాలని ఎన్నోసార్లు కూర్చుని లేచిపోయాను. రాస్తే మా చెల్లెలి ముఖం గురించి రాయాలి.

కొత్త శతాబ్దం వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుంది. నాకు పదేళ్లు, చెల్లెలికి ఏడు. నాది అమ్మ చాయ, దానిది నాన్న చాయ. మా మేనత్త ఎప్పుడొచ్చినా గడపలోనే నిలబడి, "పెద్దది పాలకోవా, చిన్నది మాడిన దోస" అనేది. అందరూ నవ్వేవాళ్లు. చెల్లెలూ నవ్వేది. అత్త చెడ్డ మనిషి కాదు, ఆ మాట అంటూనే దాని చేతిలో మురుకుల పొట్లం పెట్టేది. టీవీలో ఒక అమ్మాయి ముఖానికి ఏదో రాసుకుని, ఏడు మెట్లు ఎక్కినట్టు ఒక్కో రోజూ తెల్లబడి, చివర్లో ఉద్యోగం తెచ్చుకునేది. ఆ క్రీము చిన్న పొట్లాలుగా వీధి చివరి కొట్లో తోరణంలా వేలాడేది. అమ్మ కొన్న వాటిలో రెండు మూడు తీసి నేను చెల్లెలికి రాసి చూశాను. ఏమీ మారలేదు.

నన్ను కదిలించింది అత్త మాట కాదు. విల్లియనూరులో మా పెదనాన్న మనవడికి చెవులు కుట్టించినప్పుడు అందరినీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. ఫోటో ఆయన కెమెరాలోంచి చూసి, "అంద కరుప్పు పాప్పా పిన్నాడి పో" అన్నాడు. నల్లపిల్లను వెనక్కి పొమ్మని. ముందు వరసలో నా చెయ్యి పట్టుకుని నిలబడిన చెల్లెలు వేళ్లు విడిపించుకుని వెనక్కి వెళ్లింది. తర్వాత కొన్ని నెలలకు అదే ఇంట్లో సీమంతం పెట్టుకున్నారు. ఆ శుక్రవారం వెళ్లాలని అమ్మ చెప్పినప్పుడు చెల్లెలు నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "అక్కా, ఈ తూరి నేను యాడ నిలబడాల?" అని అడిగింది. "ముందరే" అన్నాను. మాటయితే ఇచ్చాను. శుక్రవారానికి రెండు రోజులే ఉన్నాయి.

అప్పటికి మా మేడమీద యానాం వాళ్లు అద్దెకు దిగి నెల కాలేదు. ఆయన సర్కారు ఆఫీసులో పనికి బదిలీ మీద వచ్చాడు. ఆయన భార్యను మేం అక్కా అనేవాళ్లం. ఆమె తెలుగు వింటే పాట పాడుతున్నట్టుండేది. మా అమ్మను "వదినగారూ" అని పిలిస్తే అమ్మ సిగ్గుపడేది. వాళ్లకు పది నెలల పాప. మాకు బడి సెలవులు. ఆ బుధవారం పొద్దున నేను మేడెక్కేసరికి అక్క పాపకు స్నానం ముగించి తువ్వాలులో చుట్టుకుని కూర్చుంది. ఆ పిల్ల ఒళ్లు నిగనిగలాడుతోంది.

"పాప్పాకి ఏంది పూస్తా ఉండారక్కా?"

"సున్నిపిండమ్మా. మాకు పుట్టిన దగ్గర్నుంచీ అదే. రుద్దితే ఒళ్లు బంగారంలా వచ్చేస్తుంది."

ఆ మాట నాకు తెలియదు. మేం దాన్నే తమిళంలో నలంగు మావు అంటామని అప్పుడు తెలియలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ మాటలో మొదటి సగం మా వీధి తమిళంలో పెద్ద బూతు. మగపిల్లలు గొడవపడినప్పుడు అరిచేది, మేం విననట్టు నడిచిపోయేది. అది ఏమిటని అమ్మను ఎలా అడగను? కొట్టుకు వెళ్లి ఎలా అడగను? అక్కనే మళ్లీ అడగడానికి కూడా నోరు రాలేదు. మెట్లు దిగుతూ నాకు నేనే అర్థం కట్టుకున్నాను. వీళ్లు మనకంటే వేరుగా పలుకుతారు, అవ్వ వక్కాకులో వేసుకునే సున్నం గురించే చెప్పి ఉంటుంది అనుకున్నాను. సరిపోయిందనిపించింది. గోడలను తెల్లగా చేసేది సున్నమే కదా.

మధ్యాహ్నం అమ్మ బజారుకు వెళ్లింది. అవ్వ కునుకు తీస్తోంది. ఆమె వక్కాకు పెట్టెలోంచి సున్నం డబ్బీ తీసి, ఉన్నదంతా గిన్నెలోకి గీకాను. పసుపు కలిపితే ఎర్రగా మారింది. నేను భయపడలేదు. హారతి నీళ్లకు అవ్వ కలిపేది అదే, శుభానికి వాడేదే. పెరట్లో బట్టలుతికే రాయి మీద చెల్లెల్ని కూర్చోబెట్టి ముందు ఎడమ చెంపకు దట్టంగా పట్టించాను.

"అక్కా, మండుతాంది."

"ఓర్చుకో. మండితేనే రంగొచ్చేది."

"ఎంతసేపు?"

"నూరు లెక్కపెట్టు."

కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో రాతిని పట్టుకుని, బడిలో నేర్చుకున్న తమిళంలో లెక్కపెట్టింది. నాప్పత్తి మూణు దాకా వచ్చి గొంతు ఆగిపోయింది. నలభై మూడు. అక్కడి నుంచి మిగతా లెక్క నేను పెట్టాను. ఈ వాక్యం రాయడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. దాని బదులు నేను లెక్కపెట్టాను, కొంచెం తొందర తొందరగా, అది నాకు కనికరమనిపించింది.

యాభై దాటాక అది వేసిన కేకకు అవ్వ తుళ్లిపడి లేచింది. బజారు నుంచి అప్పుడే వచ్చిన అమ్మ సంచి గుమ్మంలోనే పడేసింది. "ఎవురే చేసింది ఇది? ఏంది పూసినావే? సున్నాంబు ఎవురు తీసింది?" అని అవ్వ నన్ను పట్టుకుని ఊపేస్తోంది. అమ్మ చెల్లెలి ముఖాన్ని కొంగుతో తుడవబోతోంది. పక్కింటివాళ్లు గోడ మీంచి ఏమైంది, ఎలా అయింది అంటున్నారు. అందరూ అడిగేవాళ్లే.

యానాం అక్క మెట్లు దిగి వచ్చింది. ఒక్క ప్రశ్న అడగలేదు. చంకలోని పాపను నా చేతుల్లో పెట్టి, చెల్లెల్ని ఎత్తుకుని పెరటి కుళాయి కింద పడుకోబెట్టి, నీళ్లు కంటిలోకి పోకుండా తలను పక్కకు వంచి కుళాయి పూర్తిగా తిప్పింది. అవ్వ కొబ్బరినూనె తెస్తే, "నూనె వద్దండీ, నీళ్లే, నీళ్లే పొయ్యాలి" అంది. కుళాయి ధార సన్నగిల్లితే తొట్టిలోంచి చెంబులతో పోసింది. చెల్లెలి ఏడుపు వెక్కిళ్లయ్యేదాకా పోస్తూనే ఉంది. వాళ్ల ఊరి వైపు రొయ్యల చెరువుల్లో సున్నం చల్లే కూలీలకు కళ్లు పోవడం చూసిందట. అది తర్వాత చెప్పింది.

నేను ఆమె పాపను పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ పిల్ల ఒంటి నుంచి పచ్చి పెసల వాసన, ఎండిన గులాబీ రేకుల వాసన వచ్చింది. సున్నం వాసన లేదు. ఎవరూ చెప్పకముందే నాకు అప్పుడు తెలిసిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరు, కన్ను తప్పించుకుంది, చెంప మీద మచ్చ మిగలొచ్చు అన్నారు. సాయంత్రం ఇంటికి రాగానే నాన్న నన్ను పిలిచి, ఎవరు చెప్పారని అడిగారు. "మేడమీది అక్క" అన్నాను. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అంత సులువుగా వచ్చింది. అవ్వ కొంగు దోపుకుని మెట్ల కింద నిలబడి, "ఏమ్మా, బిడ్డ మొగానికి సున్నాంబు పుయ్యమని చెప్పినావంట! మీ ఊళ్లో ఇదేనా వాడిక? ఇల్లు వేరే చూసుకో" అని అరిచింది.

అక్క దిగి వచ్చి నన్నే అడిగింది. "నేను ఏం పుయ్యమన్నానమ్మా? ఏ మాట విన్నావో చెప్పు."

నేను ఆ మాట చెబితే చాలు. కానీ అక్కడ నాన్న ఉన్నారు. ఆ బూతును నాన్న ముందు పలకడం కంటే ఒక మనిషి ఇల్లు ఖాళీ చేసి పోవడమే నాకు తేలికనిపించింది. తల వంచుకుని నిలబడ్డాను. చివరికి తనే గుర్తు తెచ్చుకుని గట్టిగా, "సున్నిపిండి! సున్నిపిండి అన్నానండీ" అంది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న గోడ వైపు తిరిగారు. అవ్వ, "ఛీ, ఏం మాట అది!" అంది. అక్క బిత్తరపోయి మా ముఖాలు చూసి, పైకి పరుగెత్తి ఒక డబ్బా తెచ్చి మూత తీసింది. అమ్మ వంగి వాసన చూసి, "నలంగు మావు!" అంది. తర్వాత అవ్వ పుసుక్కున నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

అందరూ నా వైపు తిరిగారు. నాకు పడాల్సిన దెబ్బలు పడేవే. అక్క అడ్డం వచ్చి, "తప్పు నాదండీ. పిల్ల అడిగితే నోటితో చెప్పి ఊరుకున్నాను. చేతిలో పెట్టి చూపించాల్సింది" అంది. తను చేయని తప్పును సగం తన కొంగున కట్టుకుంది. నేను దాచిన సగం ఆమెకు తెలుసునని ఆమె చూపులోనే కనిపించింది. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

శుక్రవారం సీమంతానికి చెల్లెలు చెంప మీద దూదికట్టుతో వచ్చింది. ఫోటోకు పిలవగానే ఎవరూ చెప్పకుండానే తనంతట తనే వెనక వరసకు వెళ్లింది. నేనూ వెళ్లి దాని పక్కన నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అందులో నా నుదురు కనిపిస్తుంది, దాని రిబ్బను కనిపిస్తుంది.

తర్వాతి వారం నుంచి అక్క నన్ను సాయంత్రాలు మేడకు పిలిచి, పాత క్యాలెండరు కాగితాల వెనక తెలుగు అక్షరాలు దిద్దించింది. మొదట రాయించిన మాటలు రెండే. సున్నం, సున్నిపిండి. మొదటి దానికి సున్న చివర ఉంటుందని, రెండోదానికి 'పి' పక్కన ఉంటుందని వేలితో చూపించింది. ఆ రెండు మాటలతో మొదలైన రాతే తర్వాత నాకు పత్రికలో అన్నం పెట్టింది. ఏ ఊరికి వార్త కోసం వెళ్లినా, తెలిసిన మాటలా వినిపించిన దాన్ని కూడా, "దీన్ని మీ ఇంట్లో ఏమంటారు, ఒకసారి చూపిస్తారా" అని అడుగుతాను. నా తోటివాళ్లు దాన్ని నా చాదస్తమంటారు.

చెల్లెలి ఎడమ చెంప మీద వక్కంత మచ్చ ఉండిపోయింది. మిగతా ముఖం నాన్న చాయే, ఆ ఒక్కచోట తెల్లగా ఉంటుంది. నేను తెచ్చిపెట్టిన తెలుపు అంత మేరకే వచ్చింది. ఎవరైనా అడిగితే అది, "మా అక్క చేసిన మేకప్పు" అని నవ్వుతుంది. దానితో పాటు నేనెప్పుడూ నవ్వలేకపోయాను. మొన్న దాని కూతురు ఏదో కొత్త సబ్బు పడక మెడంతా ఎర్రబడి, "పెద్దమ్మా, మండుతాంది" అంటూ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎందుకు అని అడగడమే ఇన్నేళ్లూ నా పని. అవేవీ నా నోట రాలేదు. పిల్లను ఎత్తుకుని కుళాయి దగ్గరికి పోయాను.