గుంత మీద మంచం

దయ్యాలు ఉన్నాయా అని ఎవరైనా అడిగితే నేను ఎప్పుడూ ఒకే మాట చెప్పేదాన్ని: కొలిచి చూపించండి, నమ్ముతాను. మహబూబ్‌నగర్‌లో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం బోధించడం నా వృత్తి. సెలవుల్లో మిత్రులతో కలిసి ఊళ్ళకు వెళ్ళి, కోసిన నిమ్మకాయలోంచి నెత్తురు ఎలా కారుతుందో చేసి చూపించి, ఆ వెంటనే కత్తికి పూసిన రసాయనం పేరు చెప్పడం నా వ్యాపకం. నమ్మకపోవడం నాకు పంతం కాదు, అలవాటు. ఈ అనుభవాన్ని కూడా ఆ అలవాటుతోనే రాస్తున్నాను. నేను కొలిచినదేదో, కేవలం విన్నదేదో వేరువేరుగా చెబుతాను.

మాది కొత్తకోట. బాపు, అంటే మా నాన్న, చేనేత కార్మికుడు. మోకాళ్ళు సహకరించినంత కాలం, నేలలోని గుంతలో కాళ్ళు దింపి తొక్కుడు కట్టెలు తొక్కుతూ నేసే గుంట మగ్గం మీద చీరలు నేశాడు. మా తాత కూడా అదే ఇంట్లో, అదే గుంతలో కాళ్ళు పెట్టి నేశాడు. బాపు మగ్గం మానేసిన తర్వాత దాన్ని విప్పి అటక మీదికి ఎక్కించి, గుంతను ఇటుక ముక్కలతో, ఇసుకతో పూడ్పించి, పైన బండలు పరిపించాం. అమ్మ పోయాక ఇంట్లో బాపు, నేను. రోజూ బస్సులో మహబూబ్‌నగర్ వెళ్ళి వస్తాను. పక్క ఇంట్లో మా మేనత్త నర్సమ్మ ఉంటుంది.

ఆ ఏడు వానాకాలంలో బాపు కుడికాలికి ఇన్‌ఫెక్షన్ సోకింది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకు చిన్న పగులు చాలు. పాదం నుంచి పిక్క దాకా ఎర్రగా వాచి, చలిజ్వరం పట్టుకుంది. దవాఖానలో చేర్చి సెలైన్‌లో మందులు ఎక్కించాక జ్వరం దిగింది, వాపు తగ్గింది. మాత్రలు రాసి ఇంటికి పంపుతూ, డాక్టరు ఎరుపు ఎక్కడిదాకా ఉందో అక్కడ కాలి చుట్టూ పెన్నుతో గీత గీశారు. ఎరుపు ఆ గీత దాటినా, జ్వరం మళ్ళీ వచ్చినా, మనిషి అయోమయంగా మాట్లాడినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు. మళ్ళీ ముదిరితే కాలు తీసేయవలసి రావచ్చని, రక్తంలోకి పాకితే ప్రాణానికే ముప్పని నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

నేను సెలవు పెట్టాను. ముందు గది గాలి, వెలుతురు ఉన్న గది. స్నానాల గది కూడా దగ్గర. అక్కడే ఇనుప మంచం వేశాను. ఒకప్పుడు గుంత ఉన్న చోటు సరిగ్గా అదే. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. నర్సమ్మత్త గుమ్మంలోనే ఆగిపోయింది.

"గిదేందే, మగ్గం గుంత మీద మంచమేసినవ్? అది కాళ్ళాడే జాగ బిడ్డా, కాళ్ళు సాపే జాగ గాదు."

"గుంత యాడుందత్తా? పూడిపిచ్చి బండలేసినం గద."

"పైన బండలేస్తే కింద గుంత యాడికి పోతది? ఇంత సదువు సదివినవ్, గది తెల్వదా?"

బాపు కళ్ళు మూసుకునే నవ్వాడు. "మీరిద్దరు బయటికి పోయి కొట్లాడుకోండ్రి. నన్ను జర పండనియ్యిండ్రి."

మంచం అక్కడే ఉంది.

శబ్దాన్ని నేను మొదట వినలేదు, తాకాను. మధ్యాహ్నం బాపు కాలికి కట్టు మారుస్తూ మంచం పట్టీ మీద ఎడమచెయ్యి ఆనించినప్పుడు లోహంలో సన్నని అదురు తెలిసింది. ఒక బరువైన అదురు, వెంట ఒక తేలికైనది, మళ్ళీ బరువైనది. చెవి పెట్టి వింటే నేల లోతుల్లోంచి టక్కు, టక్కు అని అందీ అందని చప్పుడు.

మొదటి అనుమానం జాతీయ రహదారి మీద. బెంగళూరు వెళ్ళే లారీలు పగలూ రాత్రీ నడుస్తాయి. కాని లారీల అదురుకు ఇలాంటి క్రమం ఉండదు. రెండో అనుమానం పొరుగువాళ్ళ నీళ్ళ మోటారు. కరెంటు పోయి వీధి మొత్తం ఆగిపోయిన సమయంలోనూ చెయ్యి పెట్టి చూశాను, అదురు ఉంది. మూడోది బాపు కాలు. జీవితమంతా తొక్కుడు కట్టెలు తొక్కిన కాలు నిద్రలో కదలడంలో వింత లేదు. రెండు పాదాలను చేతులతో కదలకుండా పట్టుకుని, మంచం పట్టీకి చెంప ఆనించాను. అదురు ఆగలేదు. మా వీధిలో మిగిలిన ఒకే ఒక మగ్గం వాళ్ళు పెళ్ళికి ఊరెళ్ళారు. ఆ ఇంటికి తాళం ఉంది.

చేతిని నమ్మలేం. ఫోన్‌లో కంపనాలను పసిగట్టే సెన్సారు ఉంటుంది. మా పిల్లలతో లోలకం ప్రయోగం దానితోనే చేయిస్తాను. ఫోన్‌ను బండ మీద పెట్టి గంటసేపు వదిలేశాను. తెర మీద గీతలు వచ్చాయి: ఒకటి పొడవు, ఒకటి పొట్టి, వరుసగా. మధ్యలో అప్పుడప్పుడు ఒక ఖాళీ, ఆ తర్వాత మళ్ళీ అదే వరుస. నన్ను ఇబ్బంది పెట్టింది ఆ ఖాళీ. యంత్రం పని చేస్తుంది లేదా చెడిపోతుంది. మధ్య మధ్య ఆగి చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేది మనిషి.

ఎవరికీ చెప్పలేదు. కారణం దొరికాక చెబుదామనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదురు లేదు. ఫోన్‌లో గీత చదునుగా ఉంది. ఎక్కడో ఏదో వదులు ముక్క సర్దుకుని ఉంటుంది, పీడ వదిలిందనుకున్నాను. ఆ సాయంత్రం నర్సమ్మత్త తలంటుకుని, తడి జుట్టు ముడేసుకుని వచ్చి, అమావాస్య కదా గుడికి వస్తావా అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. అమావాస్య నాడు మా ఇళ్ళలో మగ్గం నేయరు. చిన్నప్పుడు బాపు నన్ను భుజాన ఎక్కించుకుని అంగడికి తీసుకెళ్ళే రోజు అదే. మరుసటి రోజు పొద్దెక్కేసరికి అదురు మళ్ళీ మొదలైంది.

ఒక్కసారి జరిగిన దాన్ని ఆధారం అనకూడదని నాకు తెలుసు. అయినా మరో మనిషి పరిశీలన కావాలనిపించింది. ఏమీ చెప్పకుండా అత్త చెయ్యి తీసుకుని మంచం పట్టీ మీద పెట్టాను. బాపు నిద్రపోతున్నాడు. ఒక ఖాళీ వచ్చి పోయేదాకా ఆమె చెయ్యి అక్కడే ఉంచింది. తర్వాత చెయ్యి తీసి కొంగుకు తుడుచుకుని వంటింట్లోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

"మా అన్న నేత గాదది," అంది మెల్లగా. "మా నాయినది. కుడికాలు బరువు, ఎడమకాలు తేలిక. నడుమ నడుమ ఆగి పోగు తెగిందేమో సూసుకునేటోడు. పక్కన కూసోని నూలు కండెలు సుట్టినదాన్ని, గా ఆగుడు నాకు తెల్వదా?"

ఆమె నాయిన అంటే మా తాత. బాపు చేతికి పోగు నడిపే నాడె ఇచ్చి నేత నేర్పింది ఆయనే. నేను పుట్టకముందే పోయాడు.

జ్ఞాపకం సాక్ష్యం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అత్తకు కూడా అదే చెప్పి, బాపు దగ్గర ఈ మాట ఎత్తవద్దన్నాను.

"నేనెందుకెత్తుత? ఆయిన కొడుకును ఆయిన సూసుకుంటుండు. నడుమ మనమెవ్వలం?" అని చాయ పొయ్యి మీద పెట్టింది.

బాపు కోలుకుంటున్నాడు. ఎరుపు గీతకు చాలా కిందికి దిగింది. వాపు తీసిన చోట చర్మం ముడతలు పడింది. అది మంచి లక్షణమన్నారు. జొన్నరొట్టె అడిగి తింటున్నాడు. అత్త పప్పులో ఉప్పు తక్కువైందని పేచీ పెట్టేంత ఓపిక వచ్చింది. ఒక సోమవారం నుంచి కాలేజీకి వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. పగలు అత్త చూసుకుంటానంది.

ఆ సోమవారం పొద్దున అలవాటుగా అన్నీ చూశాను. జ్వరం లేదు. గీత దగ్గర ఎరుపు లేదు. నొప్పి లేదన్నాడు. సంచి భుజాన వేసుకుని వీడ్కోలుగా మంచం పట్టీ మీద చెయ్యి వేశాను. అదురు లేదు.

నేల మీద కూర్చుని అరచెయ్యి బండకు ఆనించాను. లేదు. గోడ మీది క్యాలెండరు చూశాను. అమావాస్య ఎక్కడో దూరాన ఉంది. ఏ కారణమూ లేని శబ్దం ఏ కారణమూ లేకుండా ఆగితే కంగారుపడవలసింది ఏముందని లేచి నిలబడ్డాను. అప్పుడు బాపు, నిద్రమత్తు లేని మామూలు గొంతుతో అడిగాడు.

"ఇయ్యాల నాయిన నేస్తలేడేందే?"

"ఏ నాయిన, బాపూ?"

"మా నాయిననే. దినాం కింద నేస్తడు గద. ఇయ్యాల అమాస గూడ గాదు." కాసేపు పైకప్పు చూశాడు. "పని ఇడ్సిపెట్టి యాడికి లేసిండో."

నేను ఎప్పుడూ ఆయనతో ఆ మాట అనలేదు. అత్త తాను చెప్పలేదని దేవుని మీద ఒట్టు వేసింది. ఆ ఒట్టు కన్నా ఆమె ముఖాన్ని ఎక్కువ నమ్మాను.

నేను కాలేజీకి వెళ్ళలేదు. తెలిసినవాళ్ళ కారు పిలిపించాను. జ్వరం లేని మనిషిని ఎక్కడికి తిప్పుతావని బాపు గొణిగాడు. అత్త మాత్రం ఒక్క ప్రశ్న అడగకుండా చెప్పులు తొడుక్కుని ముందు సీట్లో కూర్చుంది.

దవాఖానలో ఎందుకు తీసుకొచ్చారని డాక్టరు అడిగారు. నేల ఆగిపోయిందని చెప్పలేను. "పొద్దున్నుంచి అయోమయంగా మాట్లాడుతున్నారు. ఎప్పుడో చనిపోయిన తన తండ్రి ఇంట్లో మగ్గం నేస్తున్నాడంటున్నారు," అన్నాను. ఆ వాక్యం నా నోటి నుంచి వస్తుండగానే నాకు సిగ్గు వేసింది. బాపు అన్న మాటల్లో నేను స్వయంగా సరిచూడని మాట ఒక్కటీ లేదు. ఆయనది అయోమయమైతే నాదీ అయోమయమే, నా ఫోన్‌ది కూడా.

రక్తపోటు పడిపోతూ ఉంది. రక్తపరీక్షలో ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టినట్టు తేలింది. మడమ కింద, మందపాటి చర్మం లోపల, పైకి కనపడకుండా చీము గూడు కట్టింది. చక్కెర వ్యాధి వల్ల ఆ పాదానికి నొప్పి తెలియదు. వయసు మీద పడినవాళ్ళకు కొన్నిసార్లు జ్వరం రాకుండానే విషమిస్తుందట. ఆ సాయంత్రమే కోసి చీము తీశారు. కాలు దక్కింది. మర్నాటి దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమన్నారు. మాటల్లో తేడాను గమనించి వెంటనే తేవడం మంచిదైందని డాక్టరు నన్ను మెచ్చుకున్నారు.

మరుసటి మధ్యాహ్నం బట్టల కోసం ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను. బాపు ఇంకా మత్తులోనే ఉన్నాడు, అత్త పక్కన ఉంది. ఖాళీ మంచాన్ని గోడ వైపు జరిపి, ఫోన్‌ను వట్టి బండ మీద పెట్టి పక్కనే కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. గీత చదునుగా ఉంది. అదురుకు మూలం బాపు శరీరమే అయితే అది ఇప్పుడు ఉండకూడదు, లేదు. ఒక వివరణ దొరికిందన్న ఊరటతో బట్టలు మడతపెట్టాను.

తిరిగి వచ్చి ఫోన్ తీసుకోబోయేసరికి గీత లేచింది. ఒకటి పొడవు, ఒకటి పొట్టి. అరచెయ్యి పెట్టాను. కుడికాలు బరువు, ఎడమకాలు తేలిక. నేను చూస్తుండగానే అదే ఫోన్ మోగింది. నర్సమ్మత్త.

"కండ్లు తెరిసిండే. చాయ కావాల్నట," అంది.

ఈ వరుసను నేను చాలాసార్లు విప్పి చూశాను. బాపు మాట తీరులోనో ముఖంలోనో మార్పును నా మనసు నాకంటే ముందే పసిగట్టి ఉండవచ్చు. అత్త చెప్పింది బాపుకు సగం నిద్రలో వినపడి ఉండవచ్చు. ఫోన్ కాల్ వచ్చిన సమయం కాకతాళీయం కావచ్చు. విడివిడిగా అన్నిటికీ సమాధానాలున్నాయి. మనిషి లేని మంచం పక్కన, వట్టి బండ మీద లేచిన ఆ గీతలకు మాత్రం లేదు. ఇంజినీరింగ్ చదివిన మిత్రుడికి పంపాను. ఇది ఏ యంత్రం అదురు అని అడిగాడు. తెలియదన్నాను.

ఇంకొక పరీక్ష మిగిలి ఉంది. బండ పెకిలించి, ఇటుక ముక్కలు తోడి, అడుగున ఏముందో చూడడం. అది చేయకుండా ఈ కథనం అసంపూర్ణమని ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. ఒకసారి మేస్త్రీని పిలిచాను కూడా. ఆయన గునపం గోడకు ఆనించి, ఎక్కడ కొట్టమంటారని అడిగాడు. బాపు అప్పుడు కర్ర సాయంతో వాకిట్లో మెల్లగా అడుగులు వేస్తున్నాడు. కుడికాలు కాస్త ఈడుస్తూ, అయినా తన కాళ్ళ మీద తాను. మేస్త్రీకి చాయ ఇచ్చి పంపేశాను.

ఇప్పుడు బాపు మంచం తిరిగి అక్కడే ఉంది. నేనే వేశాను. అది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు, తెలిసినట్టు నటించలేను. కాలేజీకి బయలుదేరే ముందు జ్వరం చూస్తాను, పాదం తిప్పి మడమ చూస్తాను. వాటికంటే ముందు, బాపు చూడకుండా, వంగి బండ మీద అరచెయ్యి పెడతాను.