లింగన్న బ్యాగులో నా గసగసాలు

నిన్న అమ్మ మూకుట్లో గసగసాలు వేయించింది. సన్నటి చిటపట, వెంటనే ఇల్లంతా కమ్మటి వాసన. నేను సెలవు మీద ఇంటికి వచ్చిన ప్రతిసారీ కోడికూర కోసం ఆమె చేసే పనే. ఆ వాసనకు నోరూరేలోపే నాకు లింగన్న గుర్తొస్తాడు.

దుబాయ్ జెబెల్ అలీలోని గోదాములో లింగన్న మా ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. నాకు ఫోర్క్‌లిఫ్ట్ నేర్పింది ఆయనే. ఎవరు సెలవుకు వెళ్తున్నా ఒకటే పాట పాడేవాడు: ఇంకొకరిచ్చిన పార్సిల్‌ను విప్పి చూడందే బ్యాగులో పెట్టొద్దని. కస్టమ్స్ సాబ్ అని ఏడిపించేవాళ్లం. ఒకరోజు కారణం చెప్పాడు. కరోనా తర్వాతి ఏడు ఊళ్లో ఎవరో ఇచ్చిన నడుంనొప్పి మాత్రలు చూడకుండా తెచ్చి, అవి అక్కడ నిషేధమని తెలియక, కొన్ని నెలలు జైల్లో ఉన్నాడట. వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, గట్టిగా నిలబడబట్టి దేశం నుంచి పంపలేదు.

"మొదటిసారైతే తప్పంటరు తమ్మీ. రెండోసారైతే అలవాటంటరు. జడ్జి ముందుగాల పాత కాయితమే తీస్తడు. గప్పుడు నెలలు కాదు, ఏండ్లు పడ్తయ్."

ఇంత విన్న నేనే ఆయనకు ఆ పని చేశాను. మరుసటి ఏడు ఇద్దరం కలిసి తిరుగు ప్రయాణమయ్యాం. హైదరాబాదులో నా బ్యాగు రెండు కిలోలు ఎక్కువ తూగింది. నేనొక పొట్లం బయటికి తీశాను. వెనక వరుస తొందర పెడుతోంది. "నా దాంట్ల పెట్టు. ఏమున్నయ్?" అన్నాడు లింగన్న. "మసాలాలే అన్నా," అన్నాను. నా మాట నమ్మి విప్పకుండానే పెట్టుకున్నాడు. అందులో గసగసాలున్నాయని నాకు తెలుసు. దుబాయ్‌కి తేకూడదని, అక్కడ అవి మత్తుమందు కింద లెక్కని వినీ, కూరలోకి గుప్పెడు తెస్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

దుబాయ్‌లో ఆయన బ్యాగు విప్పించారు. అధికారి పొట్లం పక్కన పెట్టి పాస్‌పోర్టు నంబరు కొట్టాడు. తెర మీద పాత కేసు వచ్చినట్టుంది, ముఖం మారింది. "ఇది నీదేనా?" అని హిందీలో అడిగాడు. లింగన్న నావైపు చూడలేదు, నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఎంతసేపో చెప్పలేను, కానీ ఆ సేపు తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం. అధికారి ఆయన్ను లోపలికి రమ్మన్నప్పుడు నేను ముందుకు జరిగాను. "సాబ్, అది నాది."

నన్ను లోపల కూర్చోబెట్టి, పొట్లం తీసుకుని, నా పేరు నమోదు చేసి, సంతకం పెట్టించుకుని వదిలేశారు. నాకది మొదటిసారి. బయట లింగన్న ట్రాలీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"నేను చెప్పకపోతే ఏం చేసేవాడివన్నా?"

"నేనైతే నీ పేరు చెప్పకపోయేటోన్ని. నా పేరు మీద కేసు గీత ఎట్లనో పడ్డది. నీ పేరు మీద నా చేతులతోటి ఎట్ల గీస్త?" అని, "యల్లా, నడువు, బస్సు పోతది," అన్నాడు.

లింగన్న దుబాయ్ కొలువు ఖలాస్ చేసుకుని ఊరికి వెళ్లిపోయాడు, పసుపు పండిస్తున్నాడు. ఈ ఉదయం పక్కింటి అత్త దుబాయ్‌లో ఉన్న కొడుక్కి ఇమ్మని గుడ్డతో కుట్టిన పార్సిల్ తెచ్చింది. ఆమె ముందే కుట్లు విప్పాను.

"నా మీద నమ్మకం లేదా బిడ్డా?" ఆమె మొహం చిన్నబుచ్చుకుంది.

"ఉంది అత్తా. నా పేరు మీద ఒక గీత ఉంది."

రెండోది పడితే ఏమవుతుందో లింగన్న చెప్పే వెళ్లాడు. మొదటిదాన్ని మాత్రం నాదని నా నోటితో నేనే చెప్పుకున్నాను. దుబాయ్‌లో నేను సంపాదించినవాటిలో తలెత్తుకుని చెప్పుకునేది అదొక్కటే.