ఉప్పు చూడని పులుసు

అబిగయీలు చేపల పులుసులో గరిటె పెట్టదు. చట్టి అంచును రెండు గుడ్డపీలికలతో పట్టుకొని, అటూ ఇటూ ఒకసారి తిప్పి వదులుతుంది. ముక్క విరగదు, అడుగంటదు. తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రపు హోరు వినబడే దూరంలో ఉన్న మా ఊళ్లో పెళ్లయినా, చర్చిలో కోతపండుగ అయినా పులుసు పొయ్యి దగ్గర ఆమె కూర్చోవలసిందే. కొలతలు అడిగితే చెప్పదు. దాచుకొని కాదు, ఆమెకే తెలియవు. చింతపండు రసం చిక్కదనం ఆమె వేళ్లకు తెలుస్తుంది. కారం సంగతి రంగు చూస్తే తెలుస్తుంది. ఉప్పు మాత్రం నాలుకకే తెలియాలి. చట్టి దించే ముందు రెండు చుక్కలు అరచేతిలో వేసుకొని చప్పరిస్తుంది. ఆమె తల ఊపితే విస్తళ్లు వేయవచ్చు. ఊపకపోతే పెళ్లికొడుకైనా ఆగాలి.

అరవై దాటిన మనిషి. భర్త పోయి చాలాకాలమైంది. ఒక్కడే కొడుకు, విజయభాస్కర్. సువార్త పనిమీద ఊళ్లు తిరుగుతుంటాడు. కోడలు జయశీల ఇంట్లో బట్టలు కుడుతుంది. రెండువేల ఇరవై ఫిబ్రవరి చివర్లో విజయభాస్కర్, దొరవారిసత్రంలో ఉండే ఫ్రెడ్డీ అనే స్నేహితుడు కలిసి ఆఫ్రికాలోని మలావీ దేశానికి సువార్త చెప్పడానికి బయలుదేరారు. నెల తిరక్కుండా వచ్చేస్తామన్నారు. తిరుగు టిక్కెట్లు జేబులో ఉండగానే కరోనా వచ్చి విమానాలన్నీ ఆగిపోయాయి.

అప్పటికి శ్రమదినాలు నడుస్తున్నాయి. ఈస్టరుకు ముందు వచ్చే ఆ నలభై రోజుల్లో మా ఊరి క్రైస్తవులు ఒక్కొక్కరు ఒక్కొక్కటి మానేస్తారు. ఒకరు మాంసం, ఒకరు కాఫీ, ఒకామె టీవీ సీరియళ్లు. అబిగయీలు ఏటా చేప మానేస్తుంది. ఆమెకు అన్నం మానేయమన్నా అంత కష్టం కాదు. అందుకే ఈస్టరు ఆరాధన ముగియగానే ఊళ్లో అందరికంటే ముందు పొయ్యి వెలిగేది ఆమె ఇంట్లోనే. పాస్టరుగారు ఆ రోజు ప్రసంగం సాగదీస్తే, ముందు వరసలో గొంతు సవరించుకొనేది కూడా ఆమే.

ఆ ఏడు ఈస్టరుకు చర్చికి తాళం. స్త్రీల కూడిక ఫోనులో పెట్టుకున్నారు. జయశీల ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టింది. తెరమీద చిన్న చిన్న గళ్లలో ముఖాలు, సగం ముఖాలు, ఎవరింట్లోదో ఒక ఫ్యాను. సాక్ష్యం చెప్పడానికి అబిగయీలు వంతు వచ్చింది. చర్చిలో లేచి నిలబడి చెప్పడం అలవాటు కాబట్టి ఇక్కడా లేచి నిలబడింది. కూడికలో ఉన్నవాళ్లకు ఆమె నడుము ఒక్కటే కనబడింది. ఆ నడుమే మొక్కుకుంది.

“నా బిడ్డ ఇంటికొచ్చి నా చేతి పులుసు తినిందాకా నేను చేప ముట్టను. దేవుడు సాక్షి, మీరందరూ సాక్షులు.”

ఆ మాట అనేటప్పటికి పొయ్యిమీద బొమ్మిడాయిల పులుసు ఉడుకుతూ ఉంది. నలభై రోజులు ఎదురుచూసిన పులుసు. ఇల్లంతా వాసన. కూడిక అయ్యాక అబిగయీలు పొయ్యి దగ్గరికి వచ్చి, అలవాటుగా అరచెయ్యి చాచి, ఆగిపోయింది. కాసేపు ఆ చేతిని చూసుకుంది. తర్వాత కోడల్ని పిలిచి ఉప్పు చూడమంది.

జయశీల చూసి ఇంకొంచెం పడాలని చెప్పింది. ఎంత పడాలో అత్తకు తెలియలేదు, కాబట్టి కోడలే వేసింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చేప కడగడం, కోయడం, చింతపండు పిసకడం, మంట చూడటం అత్త పని. ఉప్పు కోడలి పని. చేప తిననప్పుడు వండటం దేనికని జయశీల ఒకసారి అడిగింది. మానేస్తే చెయ్యి మరిచిపోతుందని, భాస్కరు వచ్చిన రోజున మరిచిపోయిన చేత్తో వండమంటావా అని అత్త తిరిగి అడిగింది.

మొదట్లో ఆమె మొక్కు బరువు ప్రభుత్వమే సగం మోసింది. ఏప్రిల్‌లో సముద్రంలో వేట నిషేధం మొదలైంది కదా, మంచి చేప కంటికి కనబడేది కాదు. నిషేధం తీరి పడవలు నీళ్లలో దిగాక అసలు పరీక్ష మొదలైంది. పక్కింటి హజరత్తయ్య వేట నుంచి వచ్చి, బుట్టను మోపెడ్‌కు కట్టుకొని, అమ్మకానికి పోయే ముందు రోజూ ఆమె వాకిట్లో ఆగుతాడు. ఆమె మొప్పలు ఎత్తి చూసి, ఇది నిన్నటిది, ఇది ఈ పొద్దుటిది అని చెప్పేస్తే అతనికి ధైర్యం. మొక్కుల విషయంలో హజరత్తయ్యకు అనుభవం ఎక్కువ. అతని పేరే ఒక మొక్కు. పిల్లలు నిలవక వాళ్లమ్మ దర్గాలో మొక్కుకుంటే పుట్టినవాడు.

ఆమె కష్టం చూడలేక అతను ఒక దారి ఆలోచించాడు.

“రొయ్య చేప కాదు గదక్కా. పీత అసలే కాదు. నువ్వు చేప అన్యావు, అంతేగదా.”

అబిగయీలు బుట్టలోని రొయ్యల వైపు చాలాసేపే చూసింది.

“నేను దేవుడితో చెప్పేటప్పుడు రొయ్యని తలుచుకోలా హజరత్తా. ఆయన తలుచుకొనుంటేనో?”

పాస్టరుగారిని అడిగితే నవ్వి, తినమ్మా అన్నారు. నవ్వుతూ చెప్పిన మాట లెక్కలోకి రాదని ఆమె తీర్మానించుకుంది. ముద్దపప్పు, వంకాయ, మళ్లీ ముద్దపప్పు. లాక్‌డౌన్ రోజులు ఆమెకు అలా గడిచాయి.

అక్కడ కొడుక్కి మాత్రం రోజూ చేపే. ఆ దేశంలో సముద్రమంత సరస్సు ఉందట. దాని ఒడ్డునే వాళ్ల బస. ఒకరోజు వేయించిన చేప ఫొటో పంపించాడు. అబిగయీలు ఫోను దగ్గరగా పెట్టుకొని చూసి, ఇంత మంచి చేపను పులుసు పెట్టుకోకుండా నూనెలో మాడ్చినారని బాధపడింది. మొక్కు సంగతి తెలిసి కొడుకు ఫోనులో పెద్ద ప్రసంగమే చేశాడు. ప్రేమించే దేవుడు తల్లుల నోళ్లు కట్టడని, ఇలాంటివి ఆయన అడగలేదని చెప్పాడు. ఆమె అంతా విని, మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగింది.

దొరవారిసత్రం నుంచి ఫ్రెడ్డీ భార్య ఫ్లోరా వారానికోసారి ఫోను చేసేది. ప్రత్యేక విమానం ఉందట అనేది. ఆ మాట విన్నప్పుడల్లా అబిగయీలు హజరత్తయ్యకు కబురు చేసి మంచి చేప చెప్పేది. చేప వచ్చేది, విమానం రద్దయ్యేది. ఆ చేపలన్నీ జయశీల తింది. ఏమ్మే, మీ ఆయన వచ్చేసరికి గుమ్మం వెడల్పు చేయించాలేమో అని ఫ్లోరా వేళాకోళం చేసింది. నువ్వేమైనా తక్కువ తిన్నావా అని జయశీల అడిగింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఫోను పెట్టేశాక జయశీల కుట్టుమిషను ముందు కూర్చొని, దారం ఎక్కించకుండానే కాసేపు తొక్కింది.

జూలైలో కొన్నాళ్లు విజయభాస్కర్ మొహం చూపించడం మానేసి మాట మాత్రమే వినిపించాడు. నెట్టు సరిగా లేదన్నాడు. ఆగస్టులో నిజంగానే విమానం లేచింది. ఫ్రెడ్డీతో కలిసి ఢిల్లీలో దిగి, నెల్లూరు చేరి, ఒక హాస్టల్లో క్వారంటైన్ పూర్తి చేసి, పరీక్షలో ఏమీ లేదనిపించుకొని ఇంటికి బయలుదేరాడు.

ఆ పొద్దున హజరత్తయ్య తెచ్చిన వంజరాన్ని అబిగయీలు మొప్పలు కూడా ఎత్తకుండా తీసుకుంది. అతనికి అదే పెద్ద బిరుదు. మామిడికాయల కాలం దాటిపోయింది కాబట్టి వేసవిలో ఎండబెట్టి దాచిన ఒరుగులు నానేసింది. జయశీల వంటింట్లోకి రాబోతే గుమ్మంలోనే ఆపేసింది.

“కోతలో మొదటి వరిపన దేవుడికి పోవాల. ఈ చట్టిలో మొదటి ముద్ద వాడికి పోవాల. ఎవురూ వేలు పెట్టేదానికి లేదు. నువ్వు పోయి తల దువ్వుకో.”

జయశీలకు కావలసిందీ అదే. వెళ్లి తల దువ్వుకొని, చీర మార్చుకొని, రోడ్డుమీదికి వెళ్లి నిలబడింది.

విజయభాస్కర్ చిక్కిపోయి వచ్చాడు. స్నానం చేసి, ప్రార్థన చేసి కూర్చున్నాడు. హజరత్తయ్య మూతికి తువ్వాలు కట్టుకొని గుమ్మం బయటే నిలబడ్డాడు. చేప తనది కాబట్టి ఫలితం చూసే హక్కు తనకుందని అతని ఉద్దేశం. అబిగయీలు ముక్కలు ఏరి వడ్డించింది. కొడుకు మొదటి ముద్ద మింగి కళ్లు మూసుకున్నాడు.

“అమ్మా, ఇట్టాంటి పులుసు కోసరమే నేను బతికొచ్చినాను.”

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అతను రెండోసారి వడ్డించుకున్నాడు. ఇక మొక్కు తీరినట్టేనని జయశీల అత్తకు కంచం పెట్టింది. అబిగయీలు స్తోత్రం చెప్పి, ఇన్ని నెలల తర్వాత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కోడలి వైపు చూసింది. జయశీల వేలితో కాస్త పులుసు తీసుకొని నాలుకకు రాసుకుంది. అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్లూ ఉప్పు వేసిన చేతిని ఈ పూట గుమ్మం దాటనివ్వలేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అవతల విజయభాస్కర్ మూడోసారి అన్నం కలుపుతున్నాడు.

“ఏమండీ, ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది జయశీల.

“సరిగ్గా సరిపోయింది.”

“దాంట్లో ఒక్క రవ్వ కూడా లేదు.”

విజయభాస్కర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తల్లి మొహం చూశాడు, భార్య మొహం చూశాడు, గుమ్మంలో ఉన్న హజరత్తయ్య మొహం కూడా చూశాడు. ఎక్కడా సాయం దొరకలేదు. జూలైలో తనకీ ఫ్రెడ్డీకీ ఆ జ్వరం వచ్చిందని అప్పుడు ఒప్పుకున్నాడు. చాపమీద నుంచి లేవలేని రోజుల్లో మొహం చూపించడం ఇష్టంలేక నెట్టు మీద నెపం పెట్టాడట. జ్వరం పోయింది గానీ వాసన, రుచి తిరిగి రాలేదు. భయపడతారని చెప్పలేదన్నాడు.

జయశీల, అతని గ్లాసు నిండుగానే ఉన్నా మళ్లీ నీళ్లు పోసింది. పైనుంచి పొర్లి చాపమీదికి కారాయి.

అబిగయీలు మాత్రం ఊరుకోలేదు.

“పొద్దస్తమానం నీ గురించి దేవుడితో మొరపెట్టుకుంటి. నీకు జొరమని ఒక్క ముక్క చెప్పుంటే ఆ సంగతి గూడా అడిగేదాన్ని గదరా. నాచేత సగం సంగతే చెప్పించినావు.”

“ఆయనకి తెలీదా అమ్మా?”

“ఆయనకి తెలుసు. నాకు తెలీదు గదా.”

సువార్తికుడు కంచం అంచున ఉన్న మెతుకులను మధ్యకు లాక్కున్నాడు. గుమ్మంలో నుంచి హజరత్తయ్య, ఎవరో ఒకరు అడగక తప్పదు కాబట్టి, మెల్లగా అడిగాడు.

“ఇప్పుడు మొక్కు తీరినట్టా అక్కా, తీరనట్టా?”

నేను తిన్నాను కాబట్టి తీరినట్టేనని విజయభాస్కర్ అన్నాడు. మింగడం తినడం కాదని అబిగయీలు కొట్టిపారేసింది. లేచి, రాళ్లుప్పును వేడినీళ్లలో కరిగించి, చట్టిని మళ్లీ పొయ్యిమీద పెట్టింది. రెండు గుడ్డపీలికలతో అటూ ఇటూ తిప్పింది. అరచేతిలో చుక్కలు వేసుకొని, తాను చప్పరించకుండా, కోడలి ముందు చెయ్యి చాచింది. జయశీల చూసి తల ఊపింది.

చట్టి దించి కొడుకు పక్కనే చతికిలబడి, అన్నం తన చేత్తోనే కలిపింది.

“నోరు తెరువు. నువ్వు మింగు, రుచి నేను చూస్తా. ఇద్దరం కలిసి తిన్నట్టు. దేవుడు ఈ మాత్రం సర్దుకుంటాడు.”

నలభై ఏళ్లు దాటిన సువార్తికుడు నోరు తెరిచాడు. ఒక ముద్ద అతనికి పెట్టి, ఒక ముద్ద తాను తిన్నది. ఈసారి నమలడం ఆపలేదు. నిదానంగా నమిలి, కళ్లు చిన్నవి చేసుకొని, రుచి ఎట్లా వస్తోందో చెప్పుకుంటూ పోయింది.

“ముందు పులుపు తగల్తది. దాని ఎనకాలే కారం. ఒరుగు ముక్క నీకొచ్చింది, మెల్లిగా నవులు, మామిడికాయ వాసన ఒస్తా ఉండాది. చేప ముక్కలోకి ఉప్పు దిగలేదింకా. రేపటికి దిగుతుంది, రేపు ఇంకా బాగుంటది.”

“మెంతులు?” అన్నాడు కొడుకు నోటినిండా అన్నంతో.

అబిగయీలు ఇంకో ముద్ద తిని చూసింది. గుమ్మం వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది.

“రవ్వంత ఎక్కువైనాయి. నువ్వు అడగబట్టి చెప్తుండా. బయట అనేవు.”

హజరత్తయ్య ఏమీ విననట్టు మోపెడ్ వైపు తిరిగాడు. జయశీల గిన్నెలో అతని వాటా పులుసు పోసి తీసుకెళ్లి ఇచ్చింది. ముద్దల మధ్య అబిగయీలు చెబుతూనే ఉంది, విజయభాస్కర్ వింటూ తింటూనే ఉన్నాడు.