శాతం గుర్తుల వెనక

ఆషాఢం తగ్గింపు బోర్డు కోసం మా కొట్టు ముందు పెయింటర్ నిచ్చెన వేశాడు. ఫ్లెక్సీలు వచ్చాక కూడా చేత్తో రాయించేది మా వీధిలో నేనొక్కదాన్నే. అందులో కళాపోషణ ఏమీ లేదు, పాత రేకు మీదే ఏటేటా రాయించుకోవచ్చని. ఎర్ర రంగు డబ్బా మూత తీయగానే ఆ ఘాటు లోపలికొచ్చి కొత్త బట్టల గంజి వాసనని మూలకి నెట్టేసింది. తలెత్తి చూస్తే అన్నిటికన్నా ముందు శాతం గుర్తు గీస్తున్నాడు. బట్టల కొట్టువాళ్ల పిల్లలకి ఆ గుర్తు చూస్తే గిరాకీ గుర్తుకు రావాలి. నాకు వరలక్ష్మి మేడమ్ గుర్తుకొస్తారు.

కాకినాడలో ఒక మందుల షాపు పైన రెండు గదుల్లో ఆవిడ ఆఫీసు. చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసి పెట్టేవారు. అంతకుముందు ఎక్కడో ఫ్యాక్టరీలో కంప్యూటర్ల దగ్గర పనిచేసి, పై అధికారితో పడక బయటికొచ్చేశారు. ఎవరితోనైనా పడకపోవడం ఆవిడ ఆరోగ్యానికి మంచిదేమో అనిపించేది. రెండువేల ఏడో ఎనిమిదో, డిగ్రీ కాగానే ఉద్యోగం అడగడానికి వెళ్లాను. ఆవిడ జీతం మాట ఎత్తారు. నేను వెంటనే, “ఇంకాస్త చూడండి మేడమ్” అన్నాను.

“ఎంతో నేనింకా చెప్పలేదు కదమ్మా.”

“అలవాటండి. బట్టల కొట్టువాళ్లం.”

ఆవిడ నవ్వలేదు. “రేపట్నుంచి రా. బేరాలు మాత్రం మెట్ల కింద వదిలేసి రా” అన్నారు.

మా ఊరు రామచంద్రపురం దగ్గర. ఆ ఏడాదే మా ఊరి మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. గీసిన గీత ప్రకారం మా నాన్న కొట్టు ముందు సగం రోడ్డులోకి వెళ్లిపోతుంది. అభ్యంతరాలుంటే పట్టణ కార్యాలయం వెబ్‌సైట్‌లో రాయమన్నారు. ఆ వెబ్‌సైట్ చూసుకునేది మా మేడమే. కొట్లవాళ్లు దాదాపు అందరూ నెట్ సెంటర్‌కి వెళ్లి, అక్కడి అమ్మాయి చేత తెలుగులో కొట్టించి పంపారు. గడువు ముగిశాక అధికారి మమ్మల్ని పిలిచి ఒక కాగితాల కట్ట ముందుకి తోశారు. ఇంగ్లీషులో వచ్చినవి నాలుగైదు బాగానే ఉన్నాయి. మిగతా కాగితాల నిండా శాతం గుర్తులు, వాటి మధ్య అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు.

“ఏంటండీ ఇవి? ఆషాఢం బోర్డుల్లా ఉన్నాయి” అన్నారాయన. “చదవడానికి రానిది అభ్యంతరం ఎలా అవుద్దండీ? ఇంగ్లీషులో వచ్చినవాటి మీదే విచారణ పెట్టేస్తాం.”

నాలో కొట్టు మేలుకుంది. “పోనీ సార్, ఒక్క వారం గడువివ్వండి. అందరిచేతా ఇంగ్లీషులో మళ్లీ రాయించే పూచీ నాది” అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, “వారం కాదు, మూడు రోజులు” అన్నారు. సగానికి సగం బేరం తెగిందని నేను మనసులో భుజం తట్టుకుంటూ ఉంటే, మేడమ్ ఆ కాగితాలన్నీ ఎత్తి సంచిలో పెట్టేసుకున్నారు.

“గడువేమీ వద్దండి. వాళ్లు రాయాల్సింది రాసేశారు. విప్పి చదవాల్సింది మనం. విచారణ రోజుకి తెచ్చిస్తాను.”

“మీ కాంట్రాక్టు ఈ ఏడాదితో ముగుస్తుంది, గుర్తుందా మేడమ్?”

“ముగిసేది నాకు గుర్తుంటుందండి. మీరు ఈ కొట్లు గుర్తుపెట్టుకోండి.”

మెట్లు దిగుతూ నావైపు తిరిగారు. “ఆ మాటలు నీ సరుకా, నువ్వు బేరానికి పెట్టడానికి?” అన్నారు. ఎంత ఘోరమైన గిరాకీకైనా నాలుగు మాటలు చెప్పి పంపేదాన్ని. ఆరోజు కాగితాల సంచి మోసుకుంటూ బస్టాండు దాకా ఆవిడ వెనకే నడిచాను.

చదువరుల్లో కొట్లవాళ్లే కాదు, కంప్యూటరువాళ్లూ ఉంటారు కాబట్టి వాళ్లు నవ్వకుండా, వీళ్లు విసుక్కోకుండా చెప్పాలి. వెబ్‌సైట్‌లో మనం రాసింది అవతలికి మూటలు కట్టుకుని వెళుతుంది. ఇంగ్లీషు కానిదంతా, మనిషి రాసిన గుర్తులతో సహా, శాతం గుర్తుల ముసుగేసుకుంటుంది. ఒక్కో తెలుగు అక్షరానికి అలాంటి ముక్కలు మూడు, గుణింతం ఉంటే ఇంకో మూడు. అవన్నీ కలిపితేనే అక్షరం, విడివిడిగా చూస్తే చెత్త. ఖాళీ జాగాకి కూడిక గుర్తు. కొట్టు పేరు ఒక మూట, అభ్యంతరం ఒక మూట; మూటకీ మూటకీ మధ్య ‘&’ గుర్తు. దీన్ని వెనక్కి విప్పే పని మేడమ్ నాకిచ్చారు. ఆ పని చేసే కోడు తయారుగా ఉచితంగానే దొరుకుతుంది. ఉచితంగా వచ్చే సరుకు మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు కనక, పెర్ల్ అనే కంప్యూటర్ భాషలో సొంతంగా రాశాను.

మర్నాటికి తెర మీద తెలుగు మొలిచింది. ‘మా తాతల నాటి కొట్టు’, ‘అరుగు తీసేస్తే ఎండ లోపలికి కొడుతుంది’, ‘మాకు వేరే ఆధారం లేదు’. నాకు గర్వం ఆగలేదు. మేడమ్‌కి ఏది చూపించినా మొదట్నుంచి చివరిదాకా గట్టిగా చదివేవారు, మధ్యలో ఆపేవారు కాదు. అలా చదువుతూ పోయి ఒకచోట ఆగారు.

“పేర్రాజు. ఇది మీ కొట్టేనా?”

“అవునండి. పేర్రాజు అండ్ సన్స్.”

“ఇక్కడ ఉత్త పేర్రాజే ఉన్నారు. సన్స్ ఏరీ?”

ఇక్కడ మా ఇంటి గుట్టు చెప్పాలి. మా నాన్నకి కొడుకుల్లేరు. పెళ్లయిన కొత్తలో ఆశపడి బోర్డు మీద ‘& సన్స్’ రాయించారు. తర్వాత నేను పుట్టాను, తర్వాత చెల్లి పుట్టింది. పెయింటు దండగని బోర్డు అలాగే ఉంచేశారు. ఈ సంగతి చెబితే మేడమ్ మొదటిసారి పగలబడి నవ్వారు.

“బోర్డు మీదున్న కొడుకుని కూడా కోసేశావా తల్లీ?”

చూస్తే మా బజారులో ‘& సన్స్’, ‘& కో’, ‘& బ్రదర్స్’ అన్న ప్రతి కొట్టుదీ అదే గతి. లైసెన్సులో ఒక పేరు, మా కాగితంలో ఇంకో పేరు. అధికారికి అంతకన్నా వంక ఏం కావాలి.

“మీ నాన్నగారి కొట్టుకి లారీ ఆఫీసు నుంచి బేళ్లు వస్తే ముందేం చేస్తారు?” అని అడిగారు మేడమ్.

“ఏది ఎవరిదో చూసి విడదీస్తామండి. తర్వాత విప్పుతాం. ముందే విప్పేస్తే పక్కకొట్టువాళ్ల పంచెలు మా పంచెల్లో కలిసిపోవూ?”

అనేశాక నాలిక కరుచుకున్నాను. నేను చేసింది సరిగ్గా అదే. అన్నీ ముందే విప్పేసి, తర్వాత ‘&’ కనబడినచోటల్లా కోశాను. మనిషి రాసిన ‘&’ ముసుగులో భద్రంగా ఉన్నంతసేపూ బాగానే ఉంది, నేనే ముసుగు తీసి కత్తికి అందించాను. పుట్టింది బట్టల కొట్లో, చేసింది ఈ నిర్వాకం. కోడులో రెండు వరసలు పైకీ కిందకీ మార్చాను. సన్సూ బ్రదర్సూ అందరూ తిరిగొచ్చారు.

విచారణ నాడు హాలు నిండా కొట్లవాళ్లే. అధికారి కాగితాలు పక్కన పెట్టుకుని, “సారాంశం చెప్పండి చాలు” అన్నారు. మేడమ్ లేచి మొదటి కాగితం చదవడం మొదలుపెట్టారు, పేరుతో సహా, ఉన్నది ఉన్నట్టు. “సారాంశం వాళ్లు రాయలేదండి” అని తర్వాతది తీశారు. పేరు వినబడ్డ మనిషి లేచి నిలబడుతున్నాడు. ఎవరూ చెప్పలేదు అలా నిలబడమని. మా వంతు వచ్చింది. నాన్న లేచారు.

“అండ్ సన్స్ అని ఉంది. వాళ్లు రాలేదా?” అన్నారు అధికారి వెటకారంగా.

మేడమ్ పక్కన కుర్చీలో ఉన్నదాన్ని లేచాను. “వచ్చారండి. నేనే.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చోలేదు. నాన్న నావైపు చూడకుండా కండువా సర్దుకున్నారు.

అభ్యంతరాలన్నీ నమోదయ్యాయి. గీత మళ్లీ గీశారు. మా అరుగు పోయింది, కొట్టు మిగిలింది. మేడమ్ కాంట్రాక్టు మాత్రం మళ్లీ రాలేదు. “ఒకటి పోయింది. కనీసం చదివి పోగొట్టుకున్నాం” అని కిటికీ తెరిచి, కింద ఆటోవాడిని టీ చెప్పమని కేకేశారు. ఆవిడ ఇప్పుడు లేరు. కొట్టు నాది, కొట్టు వెబ్‌సైటూ నాదే. ఎవరు ఏ భాషలో ఆర్డరు రాసినా ముందు విడదీసి, తర్వాత విప్పి, చివరిదాకా గట్టిగా చదువుతాను. ధర దగ్గర ఎంతకైనా దిగుతాను గానీ, మనిషి రాసిన మాట దగ్గర దిగను.

నిచ్చెన మీంచి పెయింటర్ పిలిచాడు. “అమ్మగారూ, పేరు బారుగా ఉందండి. అండ్ సన్స్ తీసేస్తే శాతం పెద్దగా పడుద్ది.”

“శాతం చిన్నది చెయ్యి.”

“పోనీ డాటర్స్ అని మార్చమంటారా?”

“వద్దు. మా నాన్న రాయించింది రాయించినట్టే ఉంచు. సన్స్ ఏరని ఎవరైనా అడిగితే లోపలికి పంపు.”