ఏడో మునక దాకా

మెట్లెక్కుతుంటే దమ్ము చాలలేదు. మా ల్యాబ్ రెండో అంతస్తులో ఉంది. ఆ రోజు మొదటి అంతస్తులోనే ఆగి, గోడకు అతికించిన సేఫ్టీ నోటీసు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆరేళ్లలో ఆ నోటీసును ఎవరైనా పూర్తిగా చదవడం అదే మొదటిసారి అనుకుంటాను.

దగ్గు అప్పటికే నెల రోజులుగా ఉంది. తొంభైల చివర్లో మా పటాన్‌చెరులో ఎవరైనా దగ్గితే ఏ జబ్బని అడిగేవారు కాదు, ఏ ఫ్యాక్టరీ అని అడిగేవారు. అందుకే పట్టించుకోలేదు. మాది మందుల ఫ్యాక్టరీ. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి క్వాలిటీ కంట్రోల్‌లో చేరాను. జనం మింగే గోలీలలో సరుకు సరిగా ఉందో లేదో చూడడం నా ఉద్యోగం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు నా పరువు తీయడానికి పనికొస్తుంది.

కర్చీఫ్‌లో ఎర్రటి చార కనబడిన రోజు నా భార్య సుగుణ నన్ను సంగారెడ్డిలో ఛాతీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఎక్స్‌రే, ఈఎస్ఆర్, మూడు రోజులు స్పూటం, అంటే కఫం పరీక్ష. డాక్టరమ్మ ఫిల్మును వెలుగుకు పట్టి చూశారు.

"స్పూటం పాజిటివ్. పల్మనరీ టీబీ. ఆరు నెలల కోర్సు. దగ్గు నెలా రెండు నెలల్లో తగ్గుతది. తగ్గిందని మానెయ్యొద్దు. నేను ఆపమనేదాకా ఆపొద్దు."

"మేడమ్, నేను మందుల కంపెనీలనే పనిచేస్త," అన్నాను.

"అందుకే రెండుసార్లు చెప్తున్న."

రోజూ పరగడుపున గుప్పెడు గోలీలు. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులో వచ్చేది. నోటికి ఏదీ సయించేది కాదు. లేవగానే ఇంకా ఎన్ని పొద్దులు మిగిలాయో లెక్క వేసుకునేవాణ్ణి. సుగుణ బడిపంతులమ్మ. నాకు ధైర్యం చెప్పే పని పెట్టుకోలేదు. మత్తయి సువార్తలోని ఒక్క మాట చీటీ మీద రాసి గోలీల డబ్బాకు అతికించింది: "ఏనాటికీడు ఆనాటికి చాలును."

"గిదేంది, దీవెన లెక్క లేదు గదా?" అన్నాను.

"దీవెన కాదయ్యా, డోసు. ఇయ్యాల్టి గోలీలు ఇయ్యాల మింగు. రేపటియి రేపు నేనే ఇస్త."

ఆ వాక్యం నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు ఆదివారం బడిలో కంఠస్థం చేసి స్టీలు గ్లాసు బహుమతి కొట్టినదే. వాక్యానికి గ్లాసు కాక వేరే ఉపయోగం కూడా ఉందని అప్పుడే తెలిసింది. ఒక్క పొద్దు గోలీలు మింగడం కష్టం కాదు. అలా మూడు నెలలు గడిచాయి. దగ్గు పోయింది. ప్యాంట్లు మళ్లీ బిగుతయ్యాయి.

మా చర్చి సంఘంలో కొత్త సంవత్సరం ఆరాధనకు వాగ్దానం కార్డులు తీసే అలవాటుంది. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుంటాం. అందులోని వాక్యం ఆ యేడాదంతా మనదని నమ్మకం. నాకు "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే" అని వచ్చింది. పక్కవాళ్లు తొంగిచూసి "స్తోత్రం" అన్నారు. నేను ఆగలేక ముందుకు పోయి, దేవుడు నాకు చేసిన మేలు ఇదీ అని సాక్ష్యం చెప్పాను. నలుగురిలో నిలబడి మాట్లాడడం నాకు మొదటి నుంచీ ఇష్టమైన బలహీనత. రక్తపు కర్చీఫ్‌తో మొదలుపెట్టి బిగుతైన ప్యాంటుతో ముగించాను. "దేవుడు నన్ను బాగుచేసిండు, ఇగ నాకు టీబీ లేదు" అన్నాను. గోలీల మాట ఎత్తలేదు. ఎత్తితే కథలో పట్టు తగ్గుతుందనిపించింది.

మరునాడు పొద్దున డబ్బా ముందు ఇరుక్కుపోయాను. సంఘం ఎదుట బాగయ్యానని చెప్పి ఇంట్లో గోలీలు మింగితే అబద్ధమాడినట్టు, లేదా నమ్మకం లేనట్టు. రెండూ నచ్చక గోలీలే మానేశాను. సుగుణ ఇచ్చినవి జేబులో వేసుకుని, ఫ్యాక్టరీకి పోయి ఊరివాళ్ల గోలీలు శ్రద్ధగా పరీక్షించేవాణ్ణి.

మార్చిలో సాయంత్రం జ్వరం మొదలైంది. దాని వెంట దగ్గు కూడా వచ్చింది. మళ్లీ సంగారెడ్డికి పోతే డాక్టరమ్మ ఒకే ప్రశ్న అడిగారు.

"యూరిన్ ఏ రంగుల వస్తున్నది?"

ఆ ప్రశ్న ఎందుకడుగుతారో కెమిస్టుకు తెలుసు: నారింజ రంగు లేదంటే గోలీలు మింగడం లేదనే. "మామూలుగనే," అన్నాను. సుగుణ నా వైపు ఒక్క చూపు చూసింది. మా కాపురంలో అంత పెద్ద తిట్టు నేను పడలేదు.

"ఇగ కేటగిరీ టూ, తిరగబెట్టినోళ్ల కోర్సు. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్. ఇది గూడ మధ్యలో ఆపితే నా దగ్గర ఇంకో మందు లేదు," అన్నారు డాక్టరమ్మ.

ఇంజెక్షన్ పటాన్‌చెరులోనే ఒక క్లినిక్‌లో వేసేవారు. వారం తిరిగేసరికి కుర్చీలో కూర్చోవడానికి ముందు ఆలోచించుకోవలసి వచ్చేది. అక్కడే ఒకరోజు ఏసోబు కనబడ్డాడు. మా సంఘంవాడే, పక్క ఫ్యాక్టరీలో బాయిలర్ ఆపరేటర్. కాలికి కట్టు ఉంది.

"ఏమైంది ఏసోబూ?"

"పుండు మానుతలేదు సారు. షుగర్ మస్తు పెరిగిందంట."

"గోలీలు ఏసుకుంటలేవా?"

"మీ సాక్ష్యం ఇన్నంక ఇడిసిపెట్టిన. మీరు సదువుకున్నోళ్లు, గోలీల కంపెనీల చేస్తరు. మీరే గోలీల మాట ఎత్తలేదంటే ఇగ విశ్వాసముంటె సాలనుకున్న."

అతని పక్కన, ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. తర్వాత జరిగింది చెప్పి, "ఇయ్యాలనే మొదలుపెట్టు" అన్నాను. ఏసోబు తల అడ్డంగా ఊపాడు.

"గది అందరి ముంగట చెప్పిండ్రు, ఇది నా చెవుల చెప్తున్నరు. దేన్ని నమ్మాలె సారు? గిది గూడ అందరి ముంగట చెప్పుండ్రి. అప్పుడు మింగుత."

పుండు ఆదివారం దాకా ఆగుతుందో లేదో తెలియదు. నేరుగా పాస్టరు గారింటికి పోయాను. ఆయన సైకిల్ చైను ఎక్కిస్తున్నారు.

"అయ్యగారూ, నా సాక్ష్యం వాపస్ తీసుకోవాలె."

"వాపస్ తీసుకునే పద్ధతి మన సంఘంల లేదు ప్రభుదాసూ."

అంతా విని, చేతులు తుడుచుకుంటూ బైబిల్లోని సిరియా సేనాధిపతి సంగతి ఎత్తారు. "నయమానుకు కుష్టు వస్తే ప్రవక్త యొర్దాను నదిల ఎన్ని మునకలు ఎయ్యమన్నడు?"

"ఏడు."

"జెర దురద తగ్గిందని ఆరింటికే ఒడ్డెక్కితే?"

"కుష్టుతోనే ఇంటికి పోతుండె."

"నువ్వు మూడింటికే ఎక్కినవ్. పైగా మైకు పట్టుకున్నవ్."

"మరి నా వాగ్దానం కార్డు?"

"కార్డు మంచిదే. దేవుడు ఏ చేత్తోని బాగుచెయ్యాల్నో నువ్వు చెప్తవా? పా, ఏసోబు ఇంటికి పోదాం. ఆదివారం సంగతి ఆదివారం."

పాస్టరు గారు దగ్గర కూర్చుని ఆ సాయంత్రమే మొదటి గోలీ మింగించారు. ఏసోబు మింగాడు కానీ నా వైపు చూసి, "ఆదివారం మర్చిపోకుండ్రి సారు" అన్నాడు.

మర్చిపోలేదు. మైకు ముందు ఒక్క జోకు కూడా తట్టలేదు. "నాకు టీబీ ఇంకా ఉన్నది. గోలీలు నడుమల ఆపిన కాబట్టి తిరగబెట్టింది. కొత్త సంవత్సరం నాడు నేను సగమే చెప్పిన. నా మాట ఇని ఎవరన్న మందు మానేస్తే ఇయ్యాలనే మొదలుపెట్టుండ్రి," అన్నాను. ముందు బెంచీలో ఇద్దరు కాస్త జరిగి కూర్చున్నారు. వెనకనుంచి ఒక పెద్దమ్మ, "నేను బీపీ గోలీ బంజేసిన బిడ్డా," అంది. నా పాత సాక్ష్యం నేననుకున్నదానికంటే బాగా పనిచేసిందన్నమాట.

ఎనిమిది నెలలు పూర్తి చేశాను. స్పూటం నెగెటివ్ వచ్చింది. డాక్టరమ్మ "ఇగ ఆపండి" అంటే, నమ్మకం కుదరక మూడుసార్లు చెప్పించుకున్నాను. ఏసోబు కాలు దక్కింది, ఒక వేలు పోయింది. ఆ వేలి సంగతి మాత్రం నాకు ఈనాటికీ నవ్వులాటగా చెప్పడం చేతకాదు.

ఇప్పటికీ అదే ల్యాబులో ఉన్నాను. మెట్లు ఆగకుండా ఎక్కుతాను. ఎక్స్‌రేలో మచ్చ ఉంది, అది ఉంటుందట. పొద్దున చాయ్‌తో పాటు ఒక వాక్యం చదువుతాను, దాని ముందూ వెనకా కూడా చదువుతాను. నా కార్డులోని వాక్యానికి ముందు భాగం ఒకటుంది, కార్డులో పట్టలేదు. దేవుని మాట శ్రద్ధగా వినాలని అందులోనే ఉంది.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టరు ఆపమనేదాకా మందు ఆపకండి. బాగయ్యాక దేవునికి స్తోత్రం చెప్పండి, చెప్పేటప్పుడు ఏ గోలీలు ఎన్ని నెలలు మింగారో అది కూడా చెప్పండి. వెనక బెంచీలో ఎవరో ఒకరు మిమ్మల్ని నమ్మి వింటుంటారు.