పెట్టెలక్క వ్యానులో మా మందుపెట్టె

పెట్టెలక్కను నేను మొట్టమొదట చూసినప్పుడు ఆమె మా సూట్‌కేసును కాలితో తన్నుతున్నది.

విమానాశ్రయం అద్దాల తలుపులు దాటి, ఒక చేత్తో సామాను ట్రాలీని, రెండో చేత్తో మా అక్క మోచేతిని పట్టుకుని, హోటళ్ళకు వెళ్ళే వ్యాన్లు ఆగే చోటికి అప్పుడే చేరుకున్నాను. నీలం కోటు చేతులు పైకి మడుచుకున్న ఒక పొట్టి మనిషి మా పెద్దపెట్టెను కిందికి దించి, దాని అడుగున మడమతో ఒక్కటి తగిలించింది.

“ఏమ్మా, ఆ పెట్టె నిన్నేమన్నది?” అని అడిగాను.

“ఏమీ అనలేదండీ, అదే మంచిది. తన్నినప్పుడు మూలిగిందంటే చక్రం ఊడిపోయే రోజు వచ్చిందన్నమాట. మీ మామగారు గట్టివారే!”

పెద్దపెట్టెలన్నీ ఆమెకు మామగార్లు; నడిమివి అత్తగార్లు; చేతిసంచులు కోడళ్ళు. “మామగారు అడుగున పడుకుంటారు. అత్తగారు ఆయన పక్కన నిలబడుతుంది. కోడలిది ఏముంది, ఏ సందులోనో దూరుతుంది, అలవాటే కదా,” అంటూ ఆమె వ్యాను వెనుక తలుపు తెరిచి సామాను సర్దుతుంటే, పక్క వ్యాన్ల డ్రైవర్లు “పెట్టెలక్కా, మా మామగారిని కూడా కాస్త పడుకోబెట్టి పో” అని వేళాకోళం చేశారు. అందరికీ ఆమె పెట్టెలక్కే. నలభై దాటిన వయసు. ముంజేతులు మాత్రం కుస్తీ పట్టే మగవాడివి.

సామానుకు ఆమె పద్ధతి ఒకటుండేది. నగరం నడిబొడ్డున ఆమె దించవలసిన ప్రతి హోటలుకూ ఒక రంగు. ఆ రంగు గుడ్డపేలికను పెట్టె పిడికి కడుతుంది. హోటలు ముందు వ్యాను ఆగగానే అక్కడి పోర్టర్లు ఎవరినీ ఏమీ అడగకుండా తమ రంగు పెట్టెలను లాక్కుని వెళ్ళిపోతారు. మా హోటలుది పచ్చ. దారిలో ముందుగా వచ్చే, గుమ్మం మీద పెద్ద గడియారం ఉన్న హోటలుది ఎరుపు.

చిక్కేమిటంటే, మా పెట్టెలకు అప్పటికే ఎర్రపేలికలున్నాయి. విమానం దిగాక తిరిగే పట్టీ మీద మన పెట్టెను మనం గుర్తుపట్టాలని, మా అక్క పాత కిటికీ పరదా ఒకటి చింపి ఇంట్లోనే కట్టింది.

“పెద్దమ్మా, ఇక్కడ ఎరుపంటే గడియారం హోటలు సొత్తు. ఇది ఉంచితే మీ మామగారు వెళ్ళి అక్కడ కాపురం పెడతారు,” అని పెట్టెలక్క వాటిని ఊడదీసి, పచ్చవి కట్టింది.

“ఆయనకి అక్కడ నచ్చితే ఉండనీ,” అన్నది మా అక్క.

నాకు నవ్వు రాలేదు. అప్పటికే వ్యానులో కూర్చున్న అక్క ఒళ్ళో, తడితువాలు చుట్టిన చిన్న ఐసుపెట్టె ఉంది. నా ప్రాణమంతా దాని మీదే ఉంది.

అక్కకు ఎడమకన్ను ఏనాడో పోయింది. కుడికన్ను మీద పొర తెల్లబడి, మనుషులు పొగమంచులో నడిచే నీడలైపోయారు. మర్నాడు ఉదయం ఆ కంటికి దానంగా వచ్చిన కొత్త పొర వేస్తామని ఈ నగరంలోని ఆస్పత్రివారు కబురు చేశారు. వేసిన పొర నిలవడానికి కావలసిన చుక్కలమందును మా ఊళ్ళోనే, అక్క రక్తం నుంచే తీసి తయారుచేసి, ఐసులో పెట్టి ఇచ్చారు. సాయంత్రం ఆస్పత్రి మందులగది మూసేలోగా అప్పగించాలి. “చల్లదనం తప్పితే మందు చెడుతుంది. మందు లేకపోతే ఆపరేషను లేదు. వచ్చిన పొర నిలవ ఉండదు, వరుసలో తరువాతివారికి ఇచ్చేస్తారు,” అని డాక్టరు నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

ఆ ఐసుపెట్టె పిడికి కూడా, తువాలు మడత కింద, అక్క ఎర్రపేలిక కట్టి ఉంచింది. కట్టిన సంగతి ఆమె మరిచిపోయింది. తడితువాలును విప్పి చూడవలసిన అవసరం మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

“పసిబిడ్డని ఒళ్ళోనే పెట్టుకోండి పెద్దమ్మా,” అని పెట్టెలక్క ఐసుపెట్టెను తట్టి తలుపు మూసింది.

వ్యాను పెద్దరోడ్డెక్కింది. అక్క పక్కన నేను. మాకు ఎదురుసీట్లో బట్టల నమూనాలు అమ్ముకునే పెద్దమనిషి ఒకాయన, మోకాళ్ళు మా మోకాళ్ళకు తగిలేలా కూర్చున్నాడు. ముందు కూర్చుని నడుపుతూ పెట్టెలక్క అద్దంలో మమ్మల్ని చూస్తూ మాట్లాడుతూనే ఉంది. నేను టీచరునని, ఆ పెట్టెలో ఉన్నది అక్క కంటిమందని అడిగి తెలుసుకున్నది. నగరంలోని ఒక హోటలు నేలమాళిగలో ఆమె ఏళ్ళతరబడి దుప్పట్లు ఇస్త్రీ చేసిందట.

“పై అంతస్తుల్లో ఎవరు పడుకున్నారో మాకేం తెలుస్తుందండీ? దుప్పటి ముడతలు చూస్తే ఆ మనిషికి నిద్ర పట్టిందో లేదో మాత్రం తెలిసేది.”

ఈ వ్యానును మొదట నడిపింది ఆమె భర్త. సామాను ఎత్తీ ఎత్తీ అతని వెన్నుపూస జారింది. బండి వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని కంపెనీవారు అనగానే, ఆమె హోటలు వెనుక ఖాళీస్థలంలో డ్రైవింగు నేర్చుకున్నది. భర్త వెనుకసీట్లో వెల్లకిలా పడుకుని పాఠం చెప్పేవాడు.

“ఆయనకి రోడ్డు కనపడదు, బండికప్పు తప్ప. అయినా ‘క్లచ్చు! క్లచ్చు!’ అని అరవడమే. ఇప్పటికీ నిద్రలో అరుస్తాడు. నా కాలు దానంతటదే దుప్పటిని తన్నేస్తుంది.”

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుకు ఒళ్ళోని పెట్టె కదిలి, తువాలు నుంచి కారిన నీళ్ళు నమూనాల పెద్దమనిషి ప్యాంటు మీద పడ్డాయి.

“ఏమిటండీ ఇది! నేను నేరుగా మీటింగుకి వెళ్ళాలి. ఈ తడిమచ్చతో వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు?”

అక్క క్షమించమన్నది. ఆయన శాంతించలేదు. మలుపు తిరిగినప్పుడల్లా మళ్ళీ చుక్కలు పడుతున్నాయి. ఆయన గొంతు పెరుగుతున్నది. చివరికి పెట్టెలక్క బండి పక్కకు ఆపి, “ఇలా ఇవ్వండి పెద్దమ్మా, వెనకాల మామగారి పొట్ట మీద పడుకోబెడతాను, కదలదు,” అని ఐసుపెట్టెను తీసుకుపోయి సామాను మధ్య పెట్టింది. వెనుక తలుపు మూసిన చప్పుడు వినగానే దిగి చూడాలనిపించింది. అయినా ఆమె అంత జాగ్రత్తగా పెట్టడం అద్దంలోంచి చూశాను గనుక ఊరుకున్నాను.

గడియారం హోటలు వచ్చింది. పోర్టర్లు ఇద్దరు పరుగున వచ్చి వెనుక తలుపు తీశారు. నమూనాల పెద్దమనిషి ప్యాంటు దులుపుకుంటూ దిగాడు. ఆయన పెట్టెలు ఒకటా రెండా! పెట్టెలక్క దిగబోతుండగానే వెనుక నుంచి బస్సు ఒకటి హారను మోగించింది. పోర్టర్లు “అయిపోయింది, పో పో” అని తలుపు మీద చరిచారు. ఆమె బండి కదిలించింది.

మా హోటలు ముందు మామగారు దిగారు, అత్తగారు దిగింది, చేతిసంచి దిగింది. ఐసుపెట్టె మీంచి జారిపోయిన తడితువాలు ఒక్కటే, ముద్దగా, వ్యాను మూలలో కనిపించింది.

పెట్టెలక్క వంగి సీట్ల కింద చూసింది. చాప ఎత్తి చూసింది. ఆ తరువాత తువాలు చేతిలోకి తీసుకుని నిలబడిపోయింది.

“పెద్దమ్మా, దానిక్కూడా ఎర్రగుడ్డ కట్టారా?”

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకున్నది.

“అయ్యో, కట్టానే! తల్లీ, తప్పు నాది.”

“మీది కాదు. తువాలు విప్పి చూడాల్సింది నేను. దాన్ని మీ ఒళ్ళోంచి తీసింది నేను.”

తప్పు ఎవరిదో తేల్చుకోవడానికి అది సమయం కాదు. ఆమె గడియారం హోటలుకు ఫోను చేసింది. అవతలి మాట నాకూ వినిపిస్తూనే ఉంది. ఎర్రవన్నీ పైకి పంపేశారట. నమూనాల ఆయన గదికి తాళం వేసుకుని బయటికి వెళ్ళిపోయాడట. ఆయన లేకుండా గది తెరవాలంటే మేనేజరు ఒప్పుకోవాలి. మేనేజరు మీటింగులో ఉన్నాడు, లోపలికి ఎవరినీ పంపవద్దన్నాడు.

“చిట్టీ, నువ్వు ఆ అమ్మాయితో వెళ్ళు,” అన్నది అక్క నాతో. “నన్ను హోటలు లోపల ఏ సోఫాలోనో కూర్చోబెట్టు. ఎక్కడికీ పారిపోనులే, దారి కనపడితేగా!”

ఆ హాస్యం ఆమె నా కోసం ఆడిందని నాకు తెలుసు. లోపల కూర్చోబెట్టి వస్తుంటే, ఆమె చేతివేళ్ళు సోఫా అంచును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

నేను ముందుసీట్లో ఎక్కాను. వచ్చేటప్పుడు క్షణం నోరు మూయని మనిషి ఇప్పుడు స్టీరింగు మీదికి వంగి రోడ్డునే చూస్తున్నది. అటు వైపు వెళ్ళే వీధులన్నీ ఒంటిదారులే. చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఎర్రదీపం, ఆ తరువాత ఇంకొక ఎర్రదీపం. రోడ్డుకు అడ్డంగా గొట్టాలు వేస్తున్నారు. ఎండ అద్దంలోంచి నేరుగా నా ఒళ్ళో పడుతున్నది. నా చీర వేడెక్కుతున్న కొద్దీ, తాళం వేసిన ఏ గదిలోనో, ఏ కిటికీ పక్కనో ఐసు కరుగుతున్నట్టే అనిపించింది. ఆమె జేబులో ఫోను మోగుతూనే ఉంది. విమానాశ్రయంలో తరువాతి ప్రయాణికులు ఎదురుచూస్తున్నారని కంపెనీ సూపర్వైజరు అరుపులు. ఒకసారి విని, ఫోను సీటు మీద పడేసింది.

“ఉద్యోగానికి ముప్పు రాదు కదా?” అని అడిగాను.

“వస్తే ఇస్త్రీపెట్టె ఎక్కడికీ పోలేదండీ,” అన్నది. కొంత దూరం వెళ్ళాక, నన్ను చూడకుండానే అడిగింది: “మందు చెడిపోతే, మళ్ళీ చేయరా?”

“చేస్తారు. కాని ఆ పొర అప్పటిదాకా ఆగదు.”

ఆమె ముందున్న బండిని దాటుకుని పోనిచ్చింది.

గడియారం హోటలు కనుచూపు మేరలో ఉండగానే బండ్లన్నీ స్తంభించిపోయాయి. ముందుకు కదలవు, వెనక్కు కదలవు. పెట్టెలక్క బండి కాలిబాట అంచుకు తోసి, “మీరు కదలకండి టీచరమ్మా,” అని దిగి, బండ్ల సందుల్లోంచి పరుగెత్తింది. మడిచిన నీలం కోటు చేతులు కొంతసేపు కనిపించి మాయమయ్యాయి.

ట్రాఫిక్ పోలీసు వచ్చి అద్దం మీద కొట్టాడు.

“ఎవరిదమ్మా ఈ బండి? ఇక్కడ పెట్టి ఎక్కడికి పోయారు?”

“మా అక్క కన్ను తేవడానికి వెళ్ళింది, నాయనా,” అన్నాను. కంగారులో అంతకన్నా పొందికైన వాక్యం నాకు దొరకలేదు. అతను నా ముఖంలోకి ఒకసారి తేరిపార చూసి, ఇంకేమీ అడగకుండా వెనుక వచ్చే బండ్లను పక్కకు మళ్ళించడం మొదలుపెట్టాడు.

ఎంతసేపైందో చెప్పలేను. గుమ్మం మీది గడియారాన్ని చూడకూడదని తల వంచుకుని కూర్చున్నాను. తల ఎత్తేసరికి ఆమె వస్తున్నది. ఐసుపెట్టెను రెండు చేతులా గుండెకు హత్తుకుని, ఆయాసంతో నోరు తెరుచుకుని.

“మేనేజరు ఒప్పుకున్నాడా?”

“మీటింగు గది తలుపు తోసుకుని పోయాను. ‘అయ్యా, ఒకావిడ కన్ను మీ పైఅంతస్తులో తాళం వేసి ఉంది’ అన్నాను. అందరూ లేచి నిలబడ్డారండీ! ఆ ప్యాంటు తడిసినాయన బయటికి పోనేలేదు, అక్కడే నమూనాలు చూపిస్తున్నాడు. తాళం ఆయనే ఇచ్చాడు.” ఆమె పెట్టెను నా ఒళ్ళో పెట్టింది. “మీరే చూడండి. పరుగెత్తి పరుగెత్తి నా చేతులు కాలిపోతున్నాయి. చల్లగా ఉందో లేదో నాకు తెలియడం లేదు.”

మూత తీశాను. నీళ్ళు. నీళ్ళలో రేగుపళ్ళంత ఐసుముక్కలు కొన్ని తేలుతున్నాయి. వేలు ముంచితే జివ్వుమన్నది. కాని నా వేలి మాటకు విలువేమిటి?

హోటలుకు పోకుండా నేరుగా ఆస్పత్రికి పోనిచ్చింది. మందులగదిలో నర్సు సీసాలను బయటికి తీసి, నీళ్ళలో ఉష్ణమాపకం ముంచి, గోడ వైపు తిరిగి చూసుకున్నది. ఆమె భుజాలను బట్టి ఏమైనా తెలుస్తుందేమోనని మేమిద్దరం వాటినే చూస్తున్నాము. పెట్టెలక్క నా మణికట్టు పట్టుకున్న సంగతి ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. ఎర్రని చార మర్నాటికి గాని పోలేదు.

“పనికొస్తుంది,” అన్నది నర్సు. “ఇంకాస్త ఆలస్యమైతే తీసుకునేదాన్ని కాదు.”

హోటలుకు తిరిగివచ్చి అక్కకు ఆ మాట చెప్పింది పెట్టెలక్కే. అక్క ఆమె ముఖమంతా చేత్తో తడిమి చూసి, “ఇంత చెమటేమిటే పిల్లా, నువ్వు కూడా కరిగిపోతున్నావే!” అన్నది. అప్పటిదాకా నిబ్బరంగా ఉన్న మనిషి అప్పుడు కళ్ళు తుడుచుకున్నది. వెళ్తూ వెళ్తూ నా ఫోను నంబరు తీసుకుని, తనది ఇచ్చింది.

“కట్టు విప్పాక ఫోను చేయండి టీచరమ్మా. బాగుంటేనే కాదు, బాగోకపోయినా చేయాలి.”

ఆపరేషను మర్నాడు జరిగింది. ఆ మరుసటి ఉదయం డాక్టరు కట్టు విప్పాడు. అక్క చాలాసేపు కళ్ళు తెరవలేదు. తెరిచి, కిటికీ వైపు చూసి, తల నా వైపు తిప్పింది.

“ఎదురుగా మసకమసగ్గా నిలబడ్డది నువ్వేనా, చిట్టీ? ముఖం సరిగా తెలియడం లేదు. ఏడుస్తున్నావని మాత్రం తెలుస్తున్నది.”

ఇది మంచి ఆరంభమని, పొర కుదురుకున్న కొద్దీ చూపు తేటపడుతుందని డాక్టరు అన్నాడు. నేను వరండాలోకి వచ్చి పెట్టెలక్కకు ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

“టీచరమ్మా, మీరేనా? ఆగండి, చెప్పకండి, చెప్పకండి! బండి నిండా జనం ఉన్నారు. పక్కకి తీసుకుంటాను.”

ఆమె వెనుక ఎవరో “ఇక్కడెందుకు ఆపుతున్నావమ్మా?” అని గొణిగారు. “మీ హోటలు ఎక్కడికీ పోదులెండి, కూర్చోండి!” అని ఆమె గదమాయించింది. ఇండికేటరు టిక్కు టిక్కుమనడం, హ్యాండుబ్రేకు కిర్రుమనడం వినిపించాయి. ఆ తరువాత ఆమె ఊపిరి.

“ఊఁ. ఇప్పుడు చెప్పండి.”