మోకాలి నొప్పి బేరం

ఆ రోజుల్లో మా భోపాల్‌పట్నం బజారులో, కావలసిన సరుకునే ముందుగా అడిగేవాడంత వెర్రివాడు మరొకడు లేడు. "బొక్కెన కొనాల్నంటే ముందుగాల తాడు ధర అడగాలెరా. నీ కన్ను దేనిమీదున్నదో ఎదుటోనికి తెలిసిందా, మునిగినవ్," అని బట్టల కొట్లో కూర్చుని నాన్న నూరిపోసేవాడు. నేనూ బుద్ధిగా ఒంటబట్టించుకున్నాను. ఎంతగా అంటే, ఆస్పత్రిలో కూడా అదే బేరం పెట్టాను.

అప్పుడే మీసం దువ్వడం నేర్చిన వయసు. మోచేతి కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ వచ్చింది. వేడి టీ ఒలికినా అక్కడ చురుక్కుమనలేదు. కుష్ఠు అని ఎవరైనా అంటే ఇక మా కొట్లో బట్ట ముట్టేదెవరు? కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తోచేది కాదు. మండుటెండల్లో పొడుగు చేతుల చొక్కా వేసుకుని కొట్టంతా పచార్లు చేసేవాణ్ణి. ఆఖరికి ఒక సంత రోజు, నాన్న బేరాల్లో మునిగి ఉండగా, సర్కారు ఆస్పత్రికి జారుకున్నాను.

డాక్టరమ్మది రాయపూర్ వైపు. ఆమె తెలుగంతా మా సంతలో నేర్చుకున్నదే. "ఏంది బేటా?" అంది. "మోకాలు నొప్పి మేడమ్." నొక్కి చూసింది. "ఇంకా?" "తలనొప్పి." "ఇంకా?" "ఆకలైతలేదు." (పొద్దున్నే పూరీలు దండిగా లాగించి వచ్చాను.) బయట వరుసలో జనం గొణుగుతున్నారు. ఆమె మాత్రం కలం పక్కన పెట్టి, సాయంత్రం దాకా నా పనే అన్నట్టు కూర్చుంది. ఆ ఓపిక చూసి నాకు చెమటలు పట్టాయి. బేరం కుదరనప్పుడు ఎవరైనా చేసేదే నేనూ చేశాను: లేచి గుమ్మం దాకా నడిచాను.

"రుకో బేటా. గింత ఎండల నిండు చేతుల అంగీ ఎందుకు? అసలు మాల్ చూపియ్యకనే పోతవా?"

తలుపు వేసి నా చొక్కా చేయి తానే మడిచింది. అమ్మకైనా చూపించని మచ్చమీద వట్టి వేలు ఆనించింది. కళ్లు మూసుకోమని, దూది తగిలినప్పుడు చెప్పమంది.

"తగిలింది!" అన్నాను.

"నేనింకా ముట్టలే."

ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ తగల్లేదు. కళ్లు తెరిస్తే, దూది మచ్చమీదే ఉంది.

"గోలీలు తింటే పోతది. ఎవ్వరికీ అంటదు. దుకాణ్‌ల కూసో, నవ్వుకుంట అమ్ము."

"బజార్ల అడిగితే, మేడమ్?"

"మోకాలు నొప్పన్నవు గదా? అదే చెప్పు."

అలా నెలల తరబడి గోలీలు మింగుతూ బజారంతా కుంటుతూ తిరిగాను. ఎదురు కిరాణా కాకా ఊరుకుంటాడా? "ఏందిరా, మొన్న కుడికాలు కుంటితివి, ఇయ్యాల ఎడమనా?" "నొప్పి మారింది కాకా!" ఒకనాడు టీ ఒలికి మచ్చ ఉన్నచోట చురుక్కుమంది. రెండు కాళ్లతో ఎగిరి గంతేశాను. "మోకాలు తగ్గిందిరో!" అని నాన్న బజారుకంతా వినిపించేలా అరిచాడు.

ఇప్పుడు నాకు నిజంగానే మోకాళ్ల నొప్పి. డాక్టర్ల దగ్గరికి వెళ్లి ఆ మాటే చెబుతాను. వాళ్లు తలెత్తకుండానే మందులు రాసేస్తారు. చీటీ చేతికొచ్చినా నేను వెంటనే లేవను. గుమ్మం దగ్గర కూడా ఒక క్షణం ఆగుతాను. దాచిన మచ్చలేవీ లేకపోయినా, "ఇంకా?" అని ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని.